పిల్లని దింపేసి వెళ్ళాలా, పీట వేసుక్కూర్చోవాలా?

మా అమ్మాయి కిండర్‌గార్టెన్‌లో చేరిన రెండో నెలలో స్కూలు బ్యాగులోంచి ఒక కార్డు బయటపడింది. క్లాసులో ఎవరో పిల్లాడికి ఆరో పుట్టినరోజట. శనివారం మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా. కింద వాళ్ళమ్మ ఫోన్ నంబరు. అంతే. ఈ దేశం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్ళయినా తెలుగువాళ్ళు కాని ఇంటి నుంచి పుట్టినరోజు పిలుపు రావడం మాకదే మొదలు. మా ఆవిడ ఆ కార్డుని ఫ్రిజ్ మీద పెట్టి, పోతుందేమోనని దానిమీద రెండు అయస్కాంతాలు అంటించింది.

శనివారం రానే వచ్చింది. మాకు తెలిసిన పద్ధతిలో మేం బయల్దేరాం. అంటే నేను, మా ఆవిడ, పెద్దది, ఏడాదిన్నర బుడ్డోడు, పది రోజుల క్రితమే తెనాలి నుంచి దిగిన మా అమ్మ. అమ్మ వెంకటగిరి చీర కట్టుకుంది. పుట్టినరోజు ఇంటికి ఉత్త చేతులతో ఎలా వెళ్తామని స్టీలు డబ్బా నిండా సున్నుండలు తీసుకుంది.

తలుపు తీసినావిడ మా ఐదుగురినీ వరసగా చూసింది. నవ్వింది. మళ్ళీ ఓసారి చూసి, "ఓ... మీరందరూ ఉంటున్నారా?" అంది. మర్యాదగానే అంది. నాకు మాత్రం అర్థం కాలేదు. ఉండకపోతే ఎక్కడికి పోతాం?

లోపలికెళ్ళాక అర్థమైంది. పెరట్లో పన్నెండు మంది పిల్లలు, పెద్దవాళ్ళు ఇద్దరే. ఆవిడ, వాళ్ళాయన. మేం చూస్తుండగానే ఇంకో కారు వచ్చి ఆగింది. ఒక పిల్ల దూకింది, గిఫ్టు బ్యాగు చేత్తో పట్టుకుని పరిగెత్తింది. కారులోంచే వాళ్ళ నాన్న చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. ఇంజను కూడా ఆపలేదు. మా కోసం గరాజ్‌లోంచి మడత కుర్చీలు తెచ్చి వేశారు. పిజ్జా పిల్లల లెక్కకే తెప్పించారని మూతలు తీయగానే తెలిసిపోయింది. "మాకొద్దండీ, తినే వచ్చాం" అంటుంటే వాళ్ళు బలవంతాన ప్లేట్లు చేతిలో పెడుతున్నారు. మా అమ్మ నా చెవిలో, "పాపం, వీళ్ళ చుట్టాలెవరూ రాలేదేమిట్రా? ఏమన్నా గొడవలా?" అంది.

తిరిగొస్తూ కారులో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. చివరికి అమ్మే అంది, "పిల్లని గుమ్మంలో దింపేసి పోవడమేమిట్రా, కొరియర్ పార్సెల్ లాగా!"

అదండీ, మా ఇంట్లో నాలుగేళ్ళుగా నడుస్తున్న వాదనకి మూలం. పిల్లల బర్త్‌డే పార్టీకి తీసుకెళ్ళాక తల్లిదండ్రులు ఉండాలా, వెళ్ళిపోవాలా?

అసలు మన భాషలో ఈ ప్రశ్న అడగడానికే వీల్లేదు. మా చిన్నప్పుడు, అంటే తొంభైల చివర్లో, పుట్టినరోజంటే పొద్దున్నే తలంటు, కొత్త బట్టలు, గుడి, పెద్దవాళ్ళకి దణ్ణాలు, సేమ్యా పాయసం. స్కూలుకి యూనిఫాం లేకుండా రంగు చొక్కాతో వెళ్ళే ఏకైక రోజు. జేబునిండా మహాలాక్టోలు, క్లాసుకంతా ఒక్కోటి, బెస్టు ఫ్రెండుకి రెండు, టీచరుగారికి నాలుగు. సాయంత్రం ఎవరైనా కేకు కోయిస్తే వీధిలో పిల్లలందరం వెళ్ళేవాళ్ళం. మమ్మల్ని ఎవరూ దింపలేదు, ఎవరూ తీసుకెళ్ళడానికి రాలేదు. నడిచెళ్ళాం, నడిచొచ్చాం.

ఇక్కడి తెలుగువాళ్ళ పార్టీల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఆరింటికని పిలుస్తారు, ఏడున్నరకి ఇంటివాళ్ళు తయారవుతారు, ఎనిమిదింటికి జనం వస్తారు. అల్యూమినియం ట్రేల్లో బిర్యానీ, ఇంకో ట్రేలో పన్నీరు, పిల్లలకి పాస్తా. ఆడవాళ్ళు వంటింటి చుట్టూ, మగవాళ్ళు వీసాల చుట్టూ. పిల్లలు బేస్‌మెంట్‌లో. కేకు కోసే వేళకి పుట్టినరోజు పిల్ల సోఫాలో నిద్రపోతూ ఉంటుంది. అక్కడ "మీరు ఉంటారా?" అని అడిగితే అదో అవమానం. పిలుపు ఇంటికి, పిల్లకి కాదు.

వాళ్ళ పిలుపు పిల్లకి. పేరు రాసిన పిల్లకి మాత్రమే. తమ్ముడికి కూడా కాదు. ఈ రెండు లెక్కలూ వేరని తెలుసుకోవడానికి మాకు ఐదు మడత కుర్చీలు పట్టాయి.

తెలిశాక నేను వెంటనే పార్టీ మార్చేశాను. ఎందుకంటే కన్సల్టెంటు బతుకు. సోమవారం తెల్లవారుజామున విమానం, గురువారం రాత్రి మళ్ళీ ఇల్లు. శనివారం ఒక్కటే నాకున్నది. ఆ శనివారం రెండు గంటలు ఎవరో తెలియని వాళ్ళతో బేస్‌బాల్ గురించి తల ఊపుతూ కూర్చోవడం కంటే, పిల్లని దింపేసి కాస్ట్‌కోకి వెళ్ళి పాలు, కూరలు తెచ్చుకోవడం ఎంత హాయి! "ఇక్కడి పద్ధతి ఇదే" అన్నాను గర్వంగా. మా ఆవిడ ససేమిరా అంది. "వాళ్ళెవరో నీకు తెలుసా? ఇంటిపేరు చెప్పు చూద్దాం" అంది. చెప్పలేకపోయాను. అయినా వాదనలో నేనే గెలిచాను. కారు తాళాలు నా దగ్గరుంటాయి కాబట్టి.

ఫస్ట్ గ్రేడ్‌లో ఒక పార్టీకి మొదటిసారి దింపాను. "భయంగా ఉందా?" అంటే లేదంది. రెండు గంటల తర్వాత వెళ్తే గుడీ బ్యాగు పట్టుకుని బుద్ధిగా గుమ్మంలో నిలబడి ఉంది. ఆ ఇంటావిడ, "ఎంత మంచి పిల్లండీ, అసలు గొడవే లేదు!" అని మెచ్చుకుంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే వంటింట్లోకెళ్ళి, "అమ్మా, పెరుగన్నం" అంది. మూడుసార్లు కలిపించుకుంది. పిజ్జా తినలేదా అంటే, అన్నిటి మీదా పెప్పరోనీ ఉందట. మేం శాకాహారులం. మరి ఆంటీని అడగకపోయావా? "ఏమని అడగాలో తెలీలేదు." కేకు? "అప్పటికి ఏడుపు వచ్చేస్తోంది. నోరు తెరిస్తే ఏడుస్తానేమోనని తినలేదు."

"అసలు గొడవే లేదు" అన్న మాటకి అర్థం నాకప్పుడు తెలిసింది. ఆకలేసినా, ఏడుపొచ్చినా బయటపడకుండా రెండు గంటలు బిగబట్టుకుని కూర్చుంది నా ఆరేళ్ళ కూతురు. ఆ సమయంలో నేను కాస్ట్‌కోలో బియ్యం బస్తాల దగ్గర ఉన్నాను. మా ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బావుండేది.

తప్పు ఆ ఇంటావిడది కాదు. నేను చెప్పలేదు. ఒక్క వాక్యం, "మా అమ్మాయి మాంసం తినదండీ" అని. ప్రాజెక్టులో చిన్న మార్పుకి నాలుగు పేజీల డాక్యుమెంటు రాసేవాణ్ణి, పిల్లని అప్పగిస్తూ నాలుగు మాటలు చెప్పలేదు.

ఇది నాణేనికి ఒకవైపు. రెండో వైపు మా ఇంట్లోనే కనబడింది.

ఏడో పుట్టినరోజుకి క్లాసు పిల్లల్ని మా ఇంటికే పిలిచాం. మన జనాన్నీ పిలిచాం. రెండు లోకాలూ కలిపేద్దామన్న దుర్బుద్ధి. ఇడ్లీ, పల్లీ చట్నీ, పిజ్జా (ఈసారి చీజ్ మాత్రమే), కాజూ కట్లీ, కేకు. క్లాసు పిల్లల్లో చాలామందిని దింపేసి వెళ్ళారు. ఒకావిడ మాత్రం కారు దిగి వచ్చి నా చేతిలో ఒక జిప్ సంచీ పెట్టింది. అందులో రెండు ఎపిపెన్‌లు. "వీడికి నట్స్ పడవు. వాడికి తెలుసు, జాగ్రత్తగానే ఉంటాడు. ఏదైనా అయితే నాకు ఫోన్ చేయండి" అంది. నేను అలాగే అలాగే అని తలూపి ఆ సంచీని ఫ్రిజ్ మీద పెట్టాను. ఎపిపెన్ ఎలా వాడాలో నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి మొహమాటం. ఆవిడ వెళ్ళిపోయింది.

గంట తర్వాత ఆ పిల్లాడు కాజూ కట్లీ ప్లేటు దగ్గర నిలబడి, "ఇందులో నట్స్ ఉన్నాయా?" అని అడిగాడు. నేను ఒక చేత్తో బుడ్డోణ్ణి ఎత్తుకుని, ఇంకో చేత్తో ఫోన్లో పిజ్జావాడికి దారి చెబుతున్నాను. నా బుర్రలో నట్స్ అంటే పల్లీలు. పల్లీ చట్నీ అటు పక్క బల్ల మీదుంది కదా. "లేవు నాన్నా, తిను" అన్నాను.

వాడు తీసుకోలేదు. నా మొహంలోకి చూసి, "లేబుల్ ఎక్కడుంది?" అన్నాడు.

మిఠాయి కొట్టు డబ్బా మీద లేబులేముంటుంది? లేదన్నాను. "లేబుల్ లేకపోతే అమ్మ తినొద్దంది" అని వెళ్ళిపోయాడు. వాడు అటు తిరిగాక నాకు వెలిగింది. కాజూ అంటే జీడిపప్పు. ఆ స్వీటులో జీడిపప్పు, పంచదార తప్ప ఇంకేమీ లేదు!

కాళ్ళు చల్లబడడం అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. ఏడేళ్ళ పిల్లాడికున్న జాగ్రత్త నాకు లేకపోయింది. వాడు నా మాట నమ్మి ఉంటే? నేను ఫ్రిజ్ మీద సంచీ కోసం వెతుక్కుంటూ, దాని మూత ఎటు తియ్యాలో తెలియక నిలబడి ఉండేవాణ్ణి. వాళ్ళమ్మ తిరిగొచ్చినప్పుడు జరిగిందంతా చెప్పేశాను. ఆవిడ మొహం పాలిపోయింది. కాసేపాగి, "నిజం చెప్పినందుకు థ్యాంక్స్" అంది. ఆ తర్వాత, "తప్పు నాది కూడా. చూపించి వెళ్ళాల్సింది" అని ఆ పెన్ను నాకు అక్కడే నేర్పింది. నీలం మూత పైకి, నారింజ కొన తొడకి. బట్టల మీంచైనా ఫరవాలేదు. గట్టిగా నొక్కి మూడు సెకన్లు పట్టుకోవాలి. వెంటనే 911కి ఫోన్ చేయాలి, మందు పని చేసినట్టు కనబడ్డా సరే. మొదటి ఫోన్ అమ్మకి కాదు, 911కి.

మన ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. మన వంటలో పల్లీలు, జీడిపప్పు, కొబ్బరి, నువ్వులు చెప్పకుండా కలిసిపోతాయి. కూరలో పొడి వేస్తాం, పొడిలో నువ్వులు వేస్తాం. ఇక్కడి చట్టం ప్రకారం ప్యాకెట్ ఆహారం మీద తప్పకుండా ప్రకటించాల్సిన ముఖ్యమైన అలర్జీ పదార్థాలు ఎనిమిది ఉండేవి. 2021లో చేసిన చట్టంతో 2023 జనవరి నుంచి నువ్వులు తొమ్మిదోవి అయ్యాయి. మా అమ్మ దగ్గర ఈ మాటంటే, "నువ్వులకేమొచ్చిందిరా, సంక్రాంతికి పంచుకునేవాళ్ళం" అంది. నిజమే. కానీ ఇప్పుడు మా ఇంట్లో పార్టీ అయితే ప్రతి గిన్నె ముందు చిన్న చీటీ ఉంటుంది, అందులో ఏమున్నాయో రాసి. చూసిన మన స్నేహితులు "ఇదేమిటి, హోటలా?" అని ఏడిపిస్తారు. ఏడిపించనివ్వండి.

ఆ సంఘటన తర్వాత నేను చదవడం మొదలుపెట్టాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి భయం వేస్తే చేసే పని అదే కదా.

మేముండే మేరీల్యాండ్‌లో ఎనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఇంట్లోనో కారులోనో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదని చట్టం ఉంది. కనీసం పదమూడేళ్ళున్న, నమ్మదగిన మనిషి కాపలా ఉండాలి. పార్టీలో ఇంటివాళ్ళు ఉంటారు కాబట్టి దింపి వెళ్ళడం తప్పేమీ కాదు. కానీ చట్టం దృష్టిలో ఆ రెండు గంటలూ "నమ్మదగిన మనిషి" వాళ్ళే. ఇంటిపేరు తెలియని వాళ్ళని మనం ఆ కుర్చీలో కూర్చోబెడుతున్నాం. మరోవైపు 2018లో యూటా రాష్ట్రం, తగిన వయసూ తెలివీ ఉన్న పిల్లలు ఒంటరిగా స్కూలుకి నడిచెళ్ళినా, పార్కులో ఆడుకున్నా అది నిర్లక్ష్యం కాదని చట్టమే చేసింది. అంటే ఈ దేశం కూడా ఈ ప్రశ్నకి ఒక్క జవాబు చెప్పుకోలేదు.

ట్రాంపొలీన్ పార్కుల్లో పార్టీ అయితే మీరు తప్పించుకోలేరు. వైవర్ మీద తల్లో తండ్రో సంతకం పెట్టాలి. మనం చదవకుండా ఫోన్లో వేలితో గీసేస్తాం. 2013లో మేరీల్యాండ్ అత్యున్నత న్యాయస్థానం ఒక కేసులో, పిల్లాడి తరఫున తల్లిదండ్రులు ముందే ఇచ్చిన అలాంటి సంతకం చెల్లుతుందని తీర్పిచ్చింది. ఒక దుకాణంలో పిల్లల ఆటస్థలంలో ఐదేళ్ళవాడు పడి దెబ్బతిన్న కేసు అది. అది చదివాక ఆ వేలిగీత బరువు నాకు తెలిసింది.

ఈత కొలను ఉంటే మాత్రం మా ఇంట్లో వాదనే లేదు. ఉండాల్సిందే. ఈ దేశంలో ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లల మరణాలకి మొదటి కారణం నీళ్ళే. పైగా సినిమాల్లోలాగా చేతులు కొట్టుకుంటూ కేకలు వేస్తూ మునగరు. చప్పుడు లేకుండా మునిగిపోతారు. కొలను చుట్టూ పాతికమంది పెద్దవాళ్ళుంటే అందరూ చూస్తున్నారనుకుని ఎవరూ చూడరు. మన పార్టీలకి సరిగ్గా ఉన్న జబ్బే ఇది. అందుకే పావుగంటకి ఒకరు చొప్పున, ఫోను పక్కన పెట్టి నీళ్ళనే చూడాలని వంతులు వేసుకుంటాం. తిట్టుకుంటూనే అందరూ చేస్తారు.

ఇంకొకటి అడగడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తుపాకీ. 2020 నుంచి ఈ దేశంలో ఒకటి నుంచి పందొమ్మిదేళ్ళ వాళ్ళ మరణాల్లో మొదటి స్థానం తుపాకులది. "మీ ఇంట్లో తుపాకీ ఉందా?" అని అడిగితే ఏమనుకుంటారో అని నోరు పెగిలేది కాదు. ఇప్పుడు మెసేజ్‌లో మిగతావాటితో కలిపి పంపిస్తాను. "మా అమ్మాయి మాంసం తినదు. ఈత అంతంత మాత్రం. కుక్కలంటే భయం. ఇంట్లో తుపాకీ ఏదైనా ఉంటే తాళం వేసి ఉంటుందా? అందరినీ అడుగుతాను, ఏమీ అనుకోకండి." మొదటిసారి పంపి, ఫోన్ బోర్లా పెట్టేసి కూర్చున్నాను. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. "ఉంది. సేఫ్‌లో ఉంది, తూటాలు వేరే చోట. అడిగినందుకు సంతోషం. కుక్కని మేడ మీద గదిలో పెడతాం." మొహమాటమంతా నాదేనన్నమాట.

పోయిన వేసవిలో అమ్మ మళ్ళీ వచ్చింది. ఈ గోలంతా చూసి ఒకరోజు కూరగాయలు తరుగుతూ అంది, "నిన్ను నేను ఏనాడన్నా కాపలా కాశానా? స్కూలు నుంచొచ్చి సంచీ పడేస్తే దీపాలు పెట్టే వేళకే మళ్ళీ కనబడేవాడివి." మరి నీకు భయం వేసేది కాదా అన్నాను. "ఎందుకూ? నువ్వు కాలవ వైపు వెళ్తే కిళ్ళీ కొట్టు అతను చెప్పేవాడు. చెట్టెక్కితే పోస్ట్‌మాస్టరుగారి భార్య దింపి, రెండు అంటించి పంపేది. వాళ్ళందరూ నాకు తెలుసు."

వాళ్ళందరూ నాకు తెలుసు. చూశారా, మా అమ్మ కూడా దింపి వెళ్ళే రకమే! తేడా ఒక్కటే. ఆవిడ వదిలింది తెలిసినవాళ్ళ మధ్య. నాకు ఇక్కడ ఆ కిళ్ళీ కొట్టు అతనూ లేడు, పోస్ట్‌మాస్టరుగారి భార్యా లేదు. ఉండాలంటే నేనే సంపాదించుకోవాలి. దానికి దారి ఆ మడత కుర్చీయే. బేస్‌బాల్ మాటలకి తలూపుతూ కూర్చున్న ఆ శనివారాలు వృథా అనుకున్నాను గానీ, ఇవాళ మా అమ్మాయిని ఏ నాలుగిళ్ళలో కళ్ళు మూసుకుని దింపగలనో, ఆ నాలుగూ నేను ముందు కూర్చుని వచ్చినవే. ఆ నట్స్ పిల్లాడి ఇల్లు అందులో మొదటిది.

కాబట్టి ఇప్పటికి మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. మొదటిసారి వెళ్ళే ఇల్లయితే కాసేపు ఉంటాం, వయసెంతైనా సరే. మరీ ఐదుగురం కాదు, ఒక్కరమే! తమ్ముడికి పిలుపు లేకపోతే తమ్ముడు రాడు. నీళ్ళుంటే చివరిదాకా ఉంటాం. తెలిసిన ఇల్లయితే ఇంజను ఆపి, దిగి, మొహం చూపించి, చెప్పాల్సినవి చెప్పి వెళ్తాం. మేం పిలిచేటప్పుడు ఉండమంటున్నామో, దింపి వెళ్ళమంటున్నామో కార్డు మీదే రాస్తాం. ఊహించుకోమని వదిలితే ఎవరికో ఒకరికి మడత కుర్చీ తప్పదు.

ఈ ఏడు తొమ్మిది నిండింది మా అమ్మాయికి. పోయిన నెల ఒక పార్టీకి తీసుకెళ్ళాను. కొత్త ఇల్లు. ఒప్పందం ప్రకారం దిగబోతుంటే, "నాన్నా, నువ్వు వెళ్ళొచ్చు. నేను అడుగుతాలే" అంది.

"ఏమని?"

"పిజ్జాలో మీట్ ఉందా అని. లేబుల్ చూపించమని. బాత్రూమ్ ఎక్కడ అని. నచ్చకపోతే నీకు ఫోన్ చెయ్యాలి అని."

దిగాను, మొహం చూపించాను, పావుగంట నిలబడ్డాను. అది నా వైపు చూడనే లేదు. సరేనని బయటికొచ్చి కారులో కూర్చున్నాను. కాస్ట్‌కో ఆరు నిమిషాల దూరం. ఇంట్లో పాలు లేవు, వెళ్ళాలి. కానీ వెళ్ళలేదు. ఆ వీధి చివర చెట్టు కింద కారు పెట్టుకుని రెండు గంటలూ అక్కడే ఉన్నాను.

మా ఆవిడతో మాత్రం కాస్ట్‌కోలో లైను చాలా పెద్దగా ఉందని చెప్పాను. పాలేవని అడిగింది. ఏం చెప్పాలో ఇంకా ఆలోచిస్తున్నాను.